వెంట్రుకవాసి

బ్రేకు పడదని కాదు, అంది నూకరత్నం.
పడుతుంది. ఆగబోయే ముందే
పాదం కింద కప్ప ఒకటి గిలగిల కొట్టుకుంటుంది.
బండి ఇంకో మూర జారి, అప్పుడాగుతుంది.

ఆ మూరలోనే మొన్న
కాశిమేడు గేటు దగ్గర
ఎవరిదో ఐసు పెట్టె నుజ్జయింది.

పుదుప్పేటలో నా కొట్టు. ముందు పదకొండేళ్ల పికప్పు.
రంగేమిటో చెప్పడం కష్టం, వాసన చెప్పక్కర్లేదు.
డాష్‌బోర్డు మీద ఏబీఎస్ దీపం
పసుప్పచ్చగా, నిద్రలేని కన్నులా.

ఇప్పటికి ముగ్గురు చూశారట.
మొదటివాడు ప్యాడ్లు మార్చాడు.
రెండోవాడు మాస్టర్ సిలిండర్.
మూడోవాడు మాడ్యూల్ పోయిందమ్మా, నలభై రెండు వేలు, అన్నాడు.
అంత లేదంటే ఫ్యూజు పీకి చేతిలో పెట్టాడు,
ఊడిన పాలపన్ను ఇచ్చినట్టు.
దాన్ని కొంగున ముడేసుకుని తెచ్చింది.

"ఫ్యూజు లేకపోతే వణుకూ లేదుగా?"
"లేదు. వానలో నాకు ధైర్యమూ లేదు.
పోయిన కార్తీకంలో, ఎన్నూరు రోడ్డు మీద,
లారీ వెనకాల తొక్కితే ఇదే కాపాడింది.
దాని ఉప్పు తిన్నాను. నేను పీకించను."

ముడి విప్పించి, ఫ్యూజు దాని చోట పెట్టాను.
దీపం ఆరింది. స్కానర్ తగిలిస్తే
తప్పులేవీ లేవంది.
మా దస్తగిరి మేస్త్రి అనేవాడు,
బాగున్నానని చెప్పే రోగి దగ్గరే
ఎక్కువసేపు కూర్చోవాలిరా అని.

కూర్చున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి
ఆమె పక్క సీట్లో, ఒళ్లో లాప్‌టాప్‌తో,
వెనక నాలుగు వందల కిలోల వంజరంతో.
నాలుగు చక్రాలూ నాలుగంకెలై పోతున్నాయి,
ముప్పై, ముప్పై, ముప్పై, ముప్పై.
ఇరవై. పదిహేను. గేటు కనబడింది.
తొమ్మిది దగ్గర మూడు ఒక్కమాట మీదున్నాయి,
కుడి ముందుది చటుక్కున సున్నా.

చక్రం తిరుగుతూనే ఉంది.
చూసే కన్నే రెప్ప వేసింది.
అది బిగుసుకుపోయి జారుతోంది కాబోలని
కంప్యూటరు కంగారుపడి
బ్రేకు వదిలి, పట్టి, వదిలి,
లేని ఆపదకి భయపడి ఉన్న ఆపద తెచ్చింది.

మధ్యాహ్నం చక్రం విప్పాను.
తీగ తెగలేదు. సెన్సారు ఓంలు సరిగ్గానే ఉన్నాయి.
బోల్టు మాత్రం సాయంత్రం దాకా నూనె తాగి గానీ కదల్లేదు.
దాని కింద, హబ్ అంచున, తుప్పు, పొరలు పొరలుగా:
పదకొండేళ్లు కారిన ఐసు నీళ్లు,
ఒక్కో చేపా వదిలిపోయిన ఉప్పు.
ఉబ్బి ఉబ్బి అది సెన్సారుని
పళ్ల చక్రం మీంచి పైకెత్తింది.
ఎంత? వెంట్రుకవాసి.
జోరుగా తిరిగితే అంత దూరం నుంచీ కనబడుతుంది.
నెమ్మదిస్తేనే చూపు ఆనదు.

కుర్రాడు ముకిలన్ ఎమెరీ కాగితంతో
గంటసేపు రుద్దాడు, ఇనుము తెల్లబడేదాకా.
సెన్సారు కొసన అయస్కాంతం పట్టుకున్న నలుసుని
వేలితో తుడిచి చూపించాడు.
"అన్నా, కాటుక."

పళ్ల చక్రంలో చిన్న చీలిక ఉంది. దాచలేదు.
ఈ వానలకి ఓర్చుకుంటుంది, పై వానలకి మాటివ్వలేనన్నాను.
"నాకెవరిచ్చారు గనక" అంటూ
ఎనిమిది వందలు లెక్కపెట్టింది, చెమ్మ నోట్లు.

ఐసు ఫ్యాక్టరీ ముందు నేల ఎప్పుడూ తడే.
మొదట గేటు దగ్గర మామూలుగా ఆపింది.
పాదం కింద చడీ చప్పుడూ లేదు.
తర్వాత ఖాళీ జాగా చూసి, నన్ను గట్టిగా పట్టుకోమని,
నలభైలో ఉండగా ఒక్కసారిగా తొక్కింది.

గుర్రుమంది బండి.
పెడల్ కింద అదే కప్ప,
ఈసారి పని మీద ఉంది.
వంకర పోకుండా నిలబడ్డాం,
గోడకి రెండు బారల ఇవతల.

"ఇంకొక్కసారి" అంది నూకరత్నం,
అప్పటికే రివర్సు వేస్తూ.