ఎనభై ఏడో పుట

ఆదివారం సంత, మోంటెవిడియో.
నా దుప్పటి మీద తలుపు గొళ్ళాలు, చిలుము పట్టిన చెంచాలు,
మాతే తాగే సొరబుర్ర ఒకటి, పగిలింది.
చివర్న, గోడ వైపు, ఆ పుస్తకం.

పళ్ళ డాక్టరు లిసాండ్రో ఉర్తాసున్ గారు
నాలుగు వారాలుగా వచ్చి
గొళ్ళాల ధర అడిగి పోతున్నారు.
గొళ్ళెం కొనేవాడు గొళ్ళెం వైపు చూస్తాడని నాకు తెలీదా?

ఇవాళ మోకాళ్ళ మీద కూర్చున్నారు.
చేతులకి తొడుగులు. ముందు వాసన చూశారు.
అట్ట అంచున చిరుగుని
నొప్పెక్కడని అడిగినంత మెల్లగా తాకారు.
"పుటలు కోయలేదు కదా?"
లేదు. ఆ రోజుల్లో పుస్తకం మడతల్తోనే వచ్చేది,
చదవాలనుకున్నవాడు కత్తి తెచ్చుకునేవాడు.
మా ఇంట్లో కత్తికి వేరే పనులుండేవి.

కోస్తే సగం ధర పోతుందట.
కోయకుండానే ఎనభై ఏడో పుట చూడాలట.
జేబులోంచి తీశారు
రోగుల నోట్లో పెట్టే చిన్న గుండ్రటి అద్దం.
మడత సందులోకి దూర్చి, టార్చి వేసి,
"కొంచెం తెరవండి" అన్నారు
పుస్తకంతోనో, నాతోనో.

నేనూ వంగి చూశాను.
అద్దంలో అక్షరాలు తిరగబడి ఉన్నాయి.
మా నాన్న వాటిని చూసింది అలాగే.

ఎవారిస్తో, కంపోజిటరు.
తిరగబడ్డ సీసాన్ని గడగడా చదివేవాడు,
తిన్నగా ఉన్నవాటి దగ్గరే తడబాటు:
అద్దె కాగితం, నోటీసు, అమ్మ మొహం.

మార్ అంటే మాకు సముద్రం. మాల్ అంటే కీడు.
ఆమె కిటికీ తెరిచి సముద్రాన్ని చూసింది,
అని రాసింది రచయిత.
యాభై మూడు జూలై, చలి,
నాన్న వేళ్ళు వేరే గడిలోకి వెళ్ళాయి.
ఆమె కిటికీ తెరిచి కీడుని చూసింది.

అరవై ప్రతులు కుట్టేదాకా ఎవరూ గమనించలేదు.
నాలుగో అయిదో అప్పటికే గడప దాటాయి.
యజమాని కేకలేయలేదు.
"జీతం బదులు మిగతావి పట్టుకుపో" అన్నాడు.
తోపుడుబండి మీద మా ఇంటికి నవలలొచ్చాయి.

ఆ చలికాలం అమ్మ వాటితోనే పొయ్యి రాజేసింది.
లోపలి కాగితం బాగా మండుతుంది, అట్టే పొగ, అనేది.
ఒకటి మంచం కోడు కింద. ఒకటి నాన్న కోటు పెట్టెలో.
మిగిలినవి నేను లెక్కపెట్టేదాన్ని:
నలభై, ఇరవై ఆరు, పదకొండు.
ఆదివారం బూట్లు తుడుచుకుని నాన్న పిలిచేవాడు,
"ఏం పిల్లా, కీడు చూసొద్దామా?"
రేవు గోడెక్కి కాళ్ళాడిస్తూ
చూసేవాళ్ళం, గోధుమరంగు నీళ్ళు.

"ఉంది!" డాక్టరు గారి గొంతు వణికింది.
"తప్పు ఉంది! దిద్దినవి బోలెడు,
వాటినెవరు కొంటారు?"
తర్వాత, కాస్త తగ్గి,
"ఇన్ని తక్కువ ఎందుకు మిగిలాయో ఎవరికీ తెలీదు.
వరదంటారు. గోదాములో ఎలకలంటారు."
నాకు తెలుసు. చెప్పలేదు.
వాటి మంట మీద బంగాళాదుంపలు ఉడికాయంటే
ఆ మనిషి అక్కడే ఏడ్చేలా ఉన్నాడు.

ధర చెప్పాను. నాన్న పోగొట్టుకున్న ఆరు వారాల జీతం,
దాని మీద డెబ్భై ఏళ్ళ వడ్డీ. నోటిలెక్క.
బేరమాడలేదు.
తక్కువ చెప్పినట్టున్నాను.

పాత పేపర్లో చుట్టబోతే
"అయ్యయ్యో, వద్దమ్మా" అని
సంచిలోంచి పల్చటి తెల్లకాగితం తీసి
పసికందుని చుట్టినట్టు చుట్టారు.
"చదువుతారా?" అన్నాను.
"దీన్నా?" అన్నారు.

మర్యాదకి ఒక గొళ్ళెం కూడా తీసుకున్నారు.

మంచం కోడు కింద రెండోది ఇంకా ఉంది.
పన్నెండేళ్ళప్పుడు చేపల కత్తితో దాన్ని కోశాను,
ఎనభై ఏడు దాకా. అక్కడ అమ్మ వచ్చింది.
ఆ కిటికీ దగ్గరావిడ తర్వాత ఏం చేసిందో
ఇప్పటికీ తెలీదు.
ఈ రాత్రి చూడొచ్చు.
చూస్తే మంచం ఊగుతుంది, మరి.