వార్నిష్ కింద రెప్పవెంట్రుక

జూన్‌లో మా బ్రొన్నోయ్‌సుండ్‌లో చీకటి పడదు.
కొత్త బండి కొనడానికి
ఇంతకన్నా చెడ్డ నెల లేదు.
రాత్రి పదకొండుకి కూడా ఎండ అడ్డంగా వాలి
ట్యాంకు మీద వేలు పెట్టి చూపిస్తుంది:
ఇదిగో, ఇక్కడ రంగు నారింజ తొక్కలా గరుకు.
ఇదిగో, ఇక్కడ అతుకు.

ముప్పయ్యొక్కేళ్లు కిటికీల ఫ్యాక్టరీలో
చివరి బల్ల దగ్గర నిలబడ్డదాన్ని.
చెక్కకూ అద్దానికీ మధ్య సందుని
నా బొటనగోరు చదివేది.
గోరు ఒప్పుకుంటేనే కిటికీ లారీ ఎక్కేది.
అలాంటి గోటికి
పింఛను సొమ్మంతా పోసి కొన్న
ఈ నీలిరంగు టూరింగ్ బండి దొరికింది.

ఎడమ పెట్టె మూత సందు రెండు మిల్లీమీటర్లు,
కుడిది నాలుగు.
ఎనభై దాటగానే ముందరి అద్దం వెనక
చెవిలో జోరీగ.
సీటు కింద ఒక బోల్టుకి టోపీ లేదు,
పక్క బోల్టుకి రెండున్నాయి.

"మురికి పట్టనీ తురీద్, ఏదీ కనపడదు"
అంటాడు పక్కింటి హాల్వార్.
ఇరవయ్యేళ్లుగా తన బండి కడగలేదు.
అందుకే దాంట్లో లోపమన్నది లేదు.

పనులంటే నాకు బెదురు లేదు.
చిరిగిన రబ్బరు బూటు కోసి వాషర్లు చేశాను.
పాత కోటు లోపలి ఉన్నిగుడ్డ పట్టీలుగా కత్తిరించి
జోరీగ నోట్లో కుక్కాను.
మూతల బందులు విప్పి, బిగించి,
కాగితం మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించి,
చివరికి
మూడు, మూడు.
రెండు పక్కలా సమానంగా తప్పు.

ఎడమ మూత మీద మాత్రం,
నీలానికీ పైన వార్నిష్‌కీ నడుమ,
ఒక రెప్పవెంట్రుక.
పొట్టిగా, నల్లగా, కొద్దిగా వంగి.
ఏ రాత్రి డ్యూటీలో ఎవరు కన్ను నులుముకున్నారో.
నా కంట్లో నలుసు అయి కూర్చుంది.

షోరూం కుర్రాడు ఐలిఫ్ వంగి చూశాడు.
"ఒప్పుకున్న హద్దులోనే ఉంది" అన్నాడు.
ఆ మాట నాకు బాగా తెలుసు.
ఫోన్‌లో ఎంతమందికి
ఇస్త్రీ చేసి మరీ తొడిగానో.
నా మొహం చూసి, "సరే, కొత్త మూత తెప్పిస్తా" అన్నాడు.

పదకొండు వారాలు పట్టింది.
వెంట్రుక లేదు. సందు లేదు.
నీలం, వేరే నీలం.
ఒకరి చొక్కాకి ఇంకొకరి జేబు కుట్టినట్టుంది.
మర్నాడు పాతదే బిగించేశాను.
కొత్తది షెడ్డులో వెల్లకిలా పడుకుని
మేకులూ ఉల్లిపాయలూ మోస్తోంది.

ఒకటి ఇంకా చెప్పలేదు.

ఒక నవంబరు శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి,
నా గోరు ఒక కిటికీ దగ్గర ఆగింది.
కింది మూలలో. ఆగింది, అబద్ధమాడను.
బయట బస్సు కదలబోతోంది, నాకు పంటి నొప్పి.
ముద్ర కొట్టేశాను.
దాన్ని ఏ దీవిలో, ఏ గోడకి బిగించారో,
ఎవరి మంచం పక్కన
పంతొమ్మిది చలికాలాలుగా ఈల వేస్తోందో.

సెప్టెంబరు వచ్చింది. రాత్రులు తిరిగొచ్చాయి.
తొంభై మీద, తీరం వెంబడి,
నా మూత సందులోంచీ సన్నగా ఈల.
టేపు వేస్తే ఆగుతుంది.
టేపు కొన్నాను. జేబులోనే ఉంది.

నిన్న కిల్బోగ్‌హామ్ ఫెర్రీలో
చక్రాల కింద చెక్కలు పెట్టే అబ్బాయి
నా పెట్టె దగ్గర ఆగాడు.
చేతితొడుగు తీసి, బొటనవేలు నోట్లో తడుపుకుని
"ఏదో వెంట్రుక అంటుకుంది" అని రుద్దాడు.
రాదు, అది లోపలుంది, అన్నాను.
నన్నోసారి చూశాడు, మూతనోసారి చూశాడు,
ఇంకాస్త గట్టిగా రుద్దాడు.