ఎలకలు ఏమన్నాయి

వణ్ణారపేట బజారులో దేసమ్మ
వావిలాకు తూచదు, గుప్పిటతో పట్టి ఇస్తుంది.
దాన్నే తరమణి ల్యాబులో
నేను మిల్లీగ్రాముల్లో తూస్తాను.

కొన్ని ఎలకలకు ఆకు కషాయం, కొన్నిటికి ఉత్త నీళ్ళు.
ఆపైన సముద్రపు నాచులోంచి తీసిన పొడిని
పాదంలోకి సూదితో ఎక్కిస్తే
గంటకల్లా బూరెలా పొంగుతుంది.
ఆ పాదాన్ని గాజుగొట్టంలో ముంచి
పైకి లేచిన నీటిమట్టం రాసుకుంటాం.
వాపు ఇంత. ఇంత. ఇంత.
నొప్పికి మా దగ్గర గొట్టం లేదు.

తెల్లారుజామున నా వేళ్ళూ ముడుచుకోవు.
ఉంగరం తీసి డబ్బాలో పెట్టి ఏడాదైంది.
సెల్వరాణి మేడమ్‌కి చెప్పలేదు.
పిపెట్‌ని బొటనవేలితో కాక
అరచేత్తో నొక్కడం నేర్చుకున్నాను.

ప్రతి శనివారం దేసమ్మది అదే ప్రశ్న:
"ఏమంటా ఉండాయి మే, నీ ఎలకలు?"

మార్చిలో తెచ్చిన ఆకుకు
మూడో గంటకల్లా సగం వాపు తీసింది.
నవంబరు ఆకుకు సున్నా పాయింట్ సున్నా ఏడు.
ఐదులోపు ఆగుంటే పేపరయ్యేది.
ఏడు దగ్గర ఆగి ఏమీ కాకుండా పోయింది.

ఇది ఆమెకెలా చెప్పను?
"పనిచేసినట్టే ఉంది గానీ
పనిచేసిందని చెప్పకూడదు" అన్నాను.
"మా కోడలి మాట మాదిరే ఉండాదే" అని నవ్వి
ఒక రెమ్మ నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది.
"వాసనుండాదా? వాన తాగిన ఆకు మే ఇది.
కూరకైతే సరే. మందు ఎండకు దిగతాది.
ఎప్పుడు కోసిందని ఒకనాడన్నా అడిగినావా?"

అడగలేదు.
మా నోటుబుక్కులో ద్రావకం పేరుంది,
ఎలక బరువుంది, గది వేడి ఉంది,
వాన లేదు.

లేవబోయి మోకాలు పట్టుకుంది దేసమ్మ.
కొంగుముడి విప్పి తెల్లమాత్ర తీసి
టీతో మింగేసింది, నా వైపు చూడకుండా.
"మూడున్నరకే లారీ కాడ ఉండల్ల.
కషాయం కాచుకునేదానికి టైమేది?"

సోమవారం నోటుబుక్కులో కొత్త గడి గీశాను:
కోసిన రోజు, అంతకుముందు వాన.
గీత వంకరపోయింది.
స్కేలు పట్టుకున్న చెయ్యి పక్కనే
తూకానికి తీసిన ఆకు
ఐదు వేళ్ళూ చాపుకుని పడుకుంది,
అదేమంత పెద్ద పని అన్నట్టు.