నీళ్ళు తాగి కూర్చోమ్మా

టోకెను నలభై మూడు.
"నీళ్ళు తాగి కూర్చోమ్మా,
ఇక ఆగలేనన్నప్పుడు చెప్పు, పిలుస్తాను"
అంది స్కానింగు గది పిల్ల.

మందస నుంచి శ్రీకాకుళం దాకా
ఒళ్ళో పెట్టుకొచ్చిన సీసా. మా బోరు నీళ్ళే.
ఊరంతా అనుమానపడే నీళ్ళే
గటగటా తాగుతున్నాను,
లోపలేముందో అవే చూపించాలట.

"ఏటమ్మీ, ఇంకా నిండలేదేటి?"
పక్క బెంచీ దాలమ్మకి ఇది మూడోసారి.
నవ్వించకే, జారిపోద్దంటే
మరీ నవ్వించింది.

గదిలో చీకటి.
కుచ్చెళ్ళు కిందికి లాగి పట్టుకున్నాయి
జీడికి నల్లబడ్డ నా వేళ్ళు.
పొట్ట మీద చల్లటి జిగురు.
"ఊపిరి బిగబట్టు... వదులు."
డాక్టరమ్మ నా మొహం చూడదు,
తెరలో బూడిదరంగు వాన చూస్తుంది.

ఆ వానలో
ఒక జీడిపిక్క. పక్కకి తిరగమన్నాక ఇంకోటి.

పన్నెండేళ్ళుగా బట్టీలో
గుండు, బద్ద, ముక్క –
చేతికంటే ముందు నా చూపే ఏరేస్తుంది.
ఇవి ఏ గంపలోకి వెయ్యాలో
తేల్చుకోలేక
మెడ తిప్పి తిప్పి చూశాను.
"కదలకమ్మా" అంది డాక్టరమ్మ.
మీట నొక్కింది. ఏదో కొలిచింది.

బాత్రూముకి పరిగెత్తి వచ్చేసరికి
రిపోర్టు మూడింటికన్నారు.
దాలమ్మ చెయ్యి చాపి ఉంది:
"సీసాలో ఇంకున్నాయేటి?
ఇలాగియ్యి."