కదలని వేలు

శనివారం. సాల్ట్ రివర్‌లో రైలుకట్ట పక్క సందు.
ఆగ్నేయపు గాలి ఇసుక మోసుకు రాకుండా
తలుపు కింద పాత తువ్వాలు కుక్కి ఉంటుంది.
గిటార్ చేతికిచ్చే ముందు అంకుల్ ఆబ్రీ
నా వేళ్లు తిప్పి చూస్తాడు, బెండకాయలు ఏరుతున్నట్టు.
"మునీబా, మళ్లీ సూది గుచ్చుకుందా?"
ఎడమ చూపుడువేలి కొసన
ఇరవై ఆరేళ్ల చొక్కా చేతుల లెక్క.
"మంచిదే. తీగకి జడిసే వేలు కాదిది."

మొదటి నెలంతా తీసెయ్యడమే నేర్పాడు.
నేనేమో ఆరు తీగలూ బరబరా మీటేదాన్ని,
పళ్లెం కనబడకుండా వడ్డించే పెళ్లివారిలా.
"మూలస్వరం నీకెందుకు? అది బేస్ వాయించేవాడి కూలి.
వాడి నోటికాడి ముద్ద లాక్కోకు.
అయిదోది తీసెయ్,
అన్నిటికీ తలూపే చుట్టం అది."
మిగిలినవి మూడోది, ఏడోది.
దిగులో సంతోషమో మూడోది చెబుతుంది.
ఉండాలో బయల్దేరాలో ఏడోది చెబుతుంది.
రెండు వేళ్లు.
సంసారమంతా ఆ రెంటి మీదే.

డి మైనర్ సెవెన్.
నాలుగో తీగ మీద మూడో మెట్టు,
మూడో తీగ మీద అయిదో మెట్టు.
"ఇప్పుడు జి సెవెన్‌కి పో."
చెయ్యంతా పైకెత్తాను, ఇల్లు ఖాళీ చేస్తున్నదానిలా.
మణికట్టు పట్టి ఆపాడు.
"ఎక్కడికమ్మా అంత హడావిడి?
ఉంగరపు వేలొక్కటి ఒక్క మెట్టు దించు."
దించాను.
మధ్యవేలు ఉన్నచోటే ఉంది.
దాని కింద నేల మారిపోయింది.
క్షణం కిందట మూడోది, ఇప్పుడు ఏడోది.
అప్పుడు దిగులు, ఇప్పుడు తొందర.
అదే తీగ, అదే మెట్టు, అదే చర్మం.

నవ్వొచ్చింది నాకు. ఎందుకంటే చెప్పలేదు.

కొండవాలు వీధుల్ని బుల్డోజర్లు దున్నిన ఏడు
మా పిన్ని కుటుంబాన్ని లారీ ఎక్కించి
ఎక్కడో ఇసుకనేలల్లో దించేశారు.
మా వీధి గీతకి ఇవతల పడింది.
మేం కుర్చీ కూడా జరపలేదు.
నిన్న పొరుగువాళ్లం,
తెల్లారేసరికి మిగిలినవాళ్లం.
నేను చేతులు కుట్టిన ఫ్యాక్టరీలో ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారు.
కిటికీలో అలంకారానికి పెట్టిన మిషను నాదేనేమో,
పెడల్ చూస్తే తెలుస్తుంది, లోపలికి వెళ్లలేదు.
నేనింకా ఇక్కడే.
ఏ కార్డులో ఏడోదాన్నో.

ఆరో నెలలో, "ఇక నువ్వు మాట్లాడు" అన్నాడు.
తను వెనక కార్డులు వేస్తుంటే
నేను పైకెక్కి కిందికి దిగాను, మళ్లీ పైకెక్కాను.
"మెట్లు ఊడుస్తున్నావా?" అన్నాడు.
సిగ్గేసి ఆగాను. రైలు పోయేదాకా ఆగాను.
ఆ నిశ్శబ్దానికి, "ఆఁ, అదీ" అన్నాడు.
తర్వాతి స్వరం తప్పు పడింది.
కుట్టు విప్పేదానిలా వెనక్కి పోబోయాను.
"విప్పకు! అక్కడే మడత పెట్టు."
పక్క మెట్టుకి జరిపాను. అతుక్కుంది.
తప్పిన స్వరానికి ఇల్లు ఒక్క మెట్టు దూరమే.
ఆ మెట్టు ఎటువైపో
నాకింకా సగంసార్లు తెలీదు.

అంతలో కెటిల్ ఈల వేసింది.
జి సెవెన్ మీద గిటార్ గోడకానించి
చెప్పులు ఈడ్చుకుంటూ వంటగదిలోకి వెళ్లిపోయాడు.
గది గదంతా గడప మీద ఒక కాలెత్తి నిలబడింది.
నా మధ్యవేలు దానంతటదే పోయి
పాత మెట్టు మీద కూర్చుంది.
ఇప్పుడు దిగాల్సింది అదే, ఒక్క మెట్టు.
దిగితే సి. దిగితే ఇల్లు.
లోపల్నుంచి అరిచాడు, "చక్కెర ఎన్ని?"
గాలి తలుపు కింద తువ్వాలుని లాగుతోంది.
"రెండు" అన్నాను,
వేలు దించకుండా.