మాడుచెక్క

అక్రాలో ఎక్కడ తినాలని అడిగావు గనక చెబుతున్నా.
పెద్ద హోటళ్ళ సంగతి నాకు తెలీదు,
వాటి గేట్ల దాకే మా బండి.
పదకొండేళ్ళుగా ట్రోట్రో తలుపుకి వేలాడుతూ
"మకోలా, మకోలా" అని అరిచిన గొంతిది.
అది ఎక్కడ ఎండితే అక్కడ ఏం దొరుకుతుందో
అంతవరకే నా చదువు.

పొద్దున ఆరింటికి నీమా వెళ్ళు.
మసీదు వెనక సందులో నీలం కొట్టు.
కొట్టు కూల్చేసి నాలుగేళ్ళయింది,
అయినా నీలం కొట్టనే అడుగు.
హజియా రకియా అక్కడ వాచే వడ్డిస్తుంది:
బియ్యం, అలసందలు ఒకే డేగిసాలో,
జొన్నాకులు వేసి ఉడికిస్తే
వాన వెలిసిన మట్టిరోడ్డు రంగు.
వెడల్పాటి అడవి ఆకులో పెట్టి, గుడ్డు పెట్టి,
పైన షిటో,
ఎండురొయ్యలు నూనెలో నల్లబడేదాకా ఏడ్చిన కారం.
వరసలో నీ ముందు బ్యాంకు మేనేజరుండొచ్చు,
వెనక నేనుండొచ్చు.
గరిటె అందరినీ ఒకే పేరుతో పిలుస్తుంది:
"తర్వాత."

సాయంత్రమైతే జేమ్స్‌టౌన్.
పొగ కళ్ళలో కొట్టినచోట ఆగు.
మొక్కజొన్న పొత్తి విప్పితే పులిసిన కెంకే ముద్ద,
వేళ్ళు కాలతాయి, కాలనీ.
చేప కొనేటప్పుడు చేప కన్ను చూడమంటారు.
నేను నా దేయ్ కన్ను చూస్తాను.
నిన్నటి చేప అమ్మేటప్పుడు
ఆవిడ సముద్రం వైపు చూస్తుంది.

ఆకలి రుచెరగదంటారు గానీ
ఈ ఊళ్ళో ఆకలికి చిరునామాలు తెలుసు.
దాన్ని వెక్కిరించడానికి గా జనానికి ఒక పండగే ఉంది.
ఏడాదికోసారి దాని మొహం మీద నవ్వుతారు.
మిగతా రోజులన్నీ అది మా బండే ఎక్కుతుంది,
చిల్లర అడిగితే
కిటికీలోంచి బయటికి చూస్తుంది.

ఒకటి దాచాను.
తొమ్మిదింటికి హజియా డేగిసా ఖాళీ.
అప్పుడొస్తుంది వుంపిని,
ఉత్తరాది పిల్ల, పదిహేడుంటాయేమో,
తెల్లారకముందే ఆ బియ్యం బస్తా
నెత్తిన మోసుకొచ్చిన మనిషి.
సత్తు బేసిన్ బోర్లించి దానిమీద కూర్చుంటుంది.
హజియా అడుగు గీకుతుంది.
మాడుచెక్క. అరచేయంత, నల్లగా, ఎర్రగా, పొగవాసనగా.
రెండింతలిస్తా నాకు పెట్టమన్నాను ఒకసారి.
హజియా మాట్లాడలేదు, గీకుతూనే ఉంది.
పిల్లే ఓ ముక్క విరిచి నా చేతిలో పెట్టింది.
చేదు. చేదు.
ఆ తర్వాత, చాలాసేపటికి,
బండి మకోలా దాటాక, పంటిసందులో తీపి.

అందుకని ఆరింటికే వెళ్ళు.
కడుపునిండా తిను, లేచి రా.
గరిటె అడుగు గీకే చప్పుడు వినబడిందా,
అది నీ వంతు కాదు.

ఆ, ఇంకోటి.
చిల్లర పట్టుకెళ్ళు.
పెద్దనోటు చూస్తే
హజియాకి చెవుడొస్తుంది.