ఉరేబు

ఆదివారం. మిషన్ మీద పాత లుంగీ కప్పి
మెడల టేపుతోనే గేటు కాడికి పోయిన.
బందుల దిక్కు బాగనే ఉంది,
గొళ్ళెం దిక్కు నాలుగు వేళ్ళు దిగింది.
జాకెట్టు భుజం నాలుగు వేళ్ళు దిగితే
మొహాన కొట్టి పోతరు.
గేటుకైతే మూడేండ్లు ఓపిక పట్టినం.

అది ఈడ్చుకుంటూ తెరుచుకున్న చోట
మెట్టు నుంచి కరివేపాకు మొదలు దాకా
చాక్‌ముక్కతో చంక కోత గీసినట్టు
మొరం మీద ఒక వంపు.

సఫిల్‌గూడల మా గల్లీకి సిమెంటు పోసిన ప్రతిసారి
రోడ్డు లేచింది, ఇల్లు గుంతల పడ్డది.
వాకిట్ల మొరం నింపి, గేటు కాళ్ళు రెండుసార్లు కోయించినం.
ఎదిగే పిల్లకైతే లంగా మడత విప్పి పొడుగు చేస్త.
ఎదిగే రోడ్డుకు గేటును కురచ చేసిన.

"ఆరించుల కబ్జాలు రెండు" అన్న హార్డ్‌వేర్ షాపుల.
పక్కన ప్లాటు కాగితాలు జిరాక్స్ తీయిస్తున్నాయన
ఉలిక్కిపడి నా దిక్కు చూసిండు.
ఏం చేస్తం, ఈ ఊర్ల ఆ మాట అట్లయింది.
చెరువును మింగేదీ కబ్జానే,
రెక్కను గుంజకు పట్టి నిలిపేదీ కబ్జానే.
దీనికైతే రసీదు ఇచ్చిండు.

పాత స్క్రూలు వేళ్ళతోనే ఊడొచ్చినయి.
వదులైన బొక్కలల్ల
జిగురుల ముంచిన అగ్గిపుల్లలు కుక్కిన,
పెద్దగైన కాజాను దారంతో ఇరుకు చేసినట్టు.

ఇగ ఏటవాలు పట్టీ.
అది నాకు తెలిసిన పనే అనుకున్న.
నిలువు పోగు సాగదు, అడ్డపోగు సాగదు,
ఉరేబుల లాగితే ఎంత మంచి బట్టైనా జారుతది.
నాలుగు మూలల గేటు కూడ బట్టనే,
దాని ఉరేబును కట్టెయ్యాలె, అంతే.
పై బందు కాడి నుంచి గొళ్ళెం కింది మూలకు
టేకు పట్టీ వేసి బిగించిన.
పొద్దుగూకేసరికి స్క్రూలు మళ్ళ పండ్లు ఇకిలించినయి.

నమాజుకు పోతూ ఖుద్దూస్ చాచా ఆగిండు.
నలభై ఏండ్లు తలుపులు చేసిన చేతులు
వెనకకు కట్టుకుని, నవ్వకుండ చూసిండు.
"కట్టె మోస్తది బేటీ, వేలాడదు.
మడమ కింది కబ్జా కాడ పెట్టు. తల అటు ఎత్తు."

విప్పి, తిప్పి పెడుతుంటే కనపడ్డది:
రెక్క పై అంచు ఒక్కచోట నున్నగ అరిగి ఉంది.
కుట్టుకిచ్చేటోళ్ళందరు మోచేతులు ఆనించి
లోపల చెప్పని ముచ్చట్లు అక్కడ చెప్తరు.
దమయంతి మేడమైతే ఆ పొద్దు
రెండు చేతుల బరువూ దాని మీదేసి
చానసేపు నిలబడ్డది.
"ఒక దిక్కు దూది పెట్టి కుట్టాలె. ఆపరేషనైంది.
రెండు దిక్కులు సమంగ కనపడాలె.
బడి పిల్లలు చూస్తరు గద."
అప్పటి నుంచి ఏడు జాకెట్లు కుట్టిన.
ఒక్కదానికీ తేడా రాలె.
గేటు దిగుడు మొదలైంది గూడ ఆ యేడే కావచ్చు.
నేను రాసి పెట్టుకోలె.

సోమవారం బడికి పోయే ముందు ఆమెనే వచ్చింది.
నేను ఏం చెప్పలె.
అలవాటుగ ఒంగి, పిడికిలి బిగించి
రెక్కను పైకెత్తి తోయబోయింది.
బరువేం లేదు.
ఎత్తిన చెయ్యి గాలిల అట్లనే ఆగింది.
గేటు పోయి కరివేపాకు కొమ్మకు తాకి నిలబడ్డది.

"ఎవర్ని పిలిపించినవు?"
"నేనే."
ఆమె నన్ను చూసింది, కింద మొరం మీద వంపును చూసింది.
టైమైతుందని చెప్తనే
ఇంకోసారి మూసి, తెరిచింది.